బొట్టుబిళ్ళ అంటించిన కేసెట్

పుర్రె గ్లాసుల్ని నరసింగరావు నేలకేసి కొట్టలేదు. కొట్టి ఉంటే గొడవ అక్కడితో తీరిపోయేది. తెల్లవారగానే వాటిని అట్టపెట్టెలోంచి తీసి, ప్రహరీ గోడ మీద వరసగా పెట్టాడు. ముఖాలు వీధివైపు తిప్పాడు. గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ హిందీ ప్రాంతంలో, ఉక్కు ప్లాంటు పక్కనున్న కోహ్కాలో, ఆ వీధి పెందలాడే నిద్ర లేస్తుంది. మొదటి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు మోటారుసైకిళ్ళు నెమ్మది చేసి మరీ చూశారు. మందపాటి గాజు. కళ్ళున్న చోట గుంటలు. ఇకిలించిన పళ్ళు. ఏప్రిల్ ఎండ పడి పళ్ళు మరీ మెరుస్తున్నాయి.

ఎదురింటి బలరాం పాలగిన్నెతో బయటికొచ్చి అక్కడే ఆగిపోయాడు.

"రావ్ జీ, యే క్యా హై?"

"మావాడిచ్చాడు భయ్యా. రిటైరయ్యాను కదా. ఈ ఏడాది తలకాయలిచ్చాడు, వచ్చే ఏడాది ఎముకలిస్తాడు," అని నరసింగరావు హిందీలో, ఇంట్లోకి వినపడేంత గట్టిగా చెప్పాడు.

బలరాం నవ్వాడు. నరసింగరావు ముఖం చూసి నవ్వు ఆపాడు. పాలు మరిగించాలన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

రవికాంత్ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై దాటిన కొడుకు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"నాన్నా, అవి లోపల పెట్టు. తమాషా బన్ రహా హై."

"తమాషా నాను సేసినానేటి? కొన్నోడివి నువ్వు."

"అవి కాక్‌టెయిల్ గ్లాసులు. ఆజ్‌కల్ అందరూ కొంటున్నారు. డిజైన్ అంతే."

"కాక్‌టెయిలంటే?"

"రెండు మూడు రకాలు కలిపి తాగుతారు."

"ఆదివారం రెండు పెగ్గులేసుకుంటాను. నిజిమే. దానికి ఇంట్లో స్టీలు గ్లాసుంది. పుర్రెలో పోసుకు తాగడానికి నానేటి, వల్లకాట్లో కూకునే సన్నాసినా?"

"నీకేది నచ్చుతుందో నాకేం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా? ఫోన్‌లో కొట్టి చూశాను. అరవై నిండిన ఫాదర్‌కి ఏమివ్వాలి అని. గ్లాసులు, సినిమా పాటలు, సినిమాలు అని చూపించింది. మూడూ తెచ్చాం."

"ఫోనుకి నీ బాబెవుడో తెలుసేటి?"

రవికాంత్ గోడ దగ్గరికి వచ్చి ఒక గ్లాసు మీద చెయ్యి వేశాడు. తండ్రి కుర్చీలోంచి లేచాడు. కొడుకు చెయ్యి తీసేశాడు.

కోపం గ్లాసుల మీద కాదని ఇద్దరికీ తెలుసు. గ్లాసులు రవికాంత్ కొన్నవి. పాత సినిమాలు నింపిన పెన్ డ్రైవ్ మొగుడూ పెళ్ళాం కలిసి కొన్నది. దాన్ని నరసింగరావు ముట్టుకోనైనా లేదు. మంట పుట్టింది కోడలు కృష్ణప్రియ ఇచ్చిన పాటల పెట్టె దగ్గర.

నిన్న సాయంత్రం ప్లాంటులో కోక్ ఓవెన్స్ విభాగం నేస్తాలు దండలు వేసి, డోలు కొట్టించి, ఇంటిదాకా దిగబెట్టి, తిని వెళ్ళిపోయారు. అప్పుడు ఆ పిల్ల పాటల పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. చూడ్డానికి పాతకాలం రేడియోలా ఉంది. "మొదటి పాట అత్తయ్య పాటే మావయ్యగారూ," అని మీట నొక్కింది.

సినిమా గాయని గొంతు వచ్చింది. నరసింగరావు ఒక్క చరణం విన్నాడు. లేచాడు. తన గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాడు. మడత పెట్టిన శాలువా కింద చెయ్యి పెట్టి తడిమాడు.

కేసెట్ లేదు.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే ప్రశ్న. కేసెట్ ఏది? రాత్రి బల్లల కింద వెతికారు. పొద్దున్నే ఆయన చెత్తబుట్ట బోర్లించి వేళ్ళతో కెలికాడు. ఉల్లిపొట్టు, విస్తరాకులు. కేసెట్ లేదు.

కృష్ణప్రియ టీ తెచ్చింది. మామగారు చెయ్యి చాచలేదు. గ్లాసు గోడ మీద, ఆఖరి పుర్రె పక్కన పెట్టింది.

"పాతసామాన్ల కబాడీవోడికి ఇచ్చీసినావా?" అన్నాడు ఆయన, వీధి వంక చూస్తూ.

"ఎవరికీ ఇవ్వలేదు మావయ్యగారూ. రాత్రి నుంచి అదే చెప్తున్నాను. మీ బీరువాలోంచి తీసింది నేనే. సినిమా పేరు చూద్దామని తీశాను. టీవీ బల్ల మీద మిగతా కేసెట్లతో కలిపి పెట్టాను. మళ్ళీ లోపల పెట్టడం భూల్ గయీ. అది నా తప్పే. కానీ పారెయ్యలేదు."

"నా బీరువా నువ్వెందుకు ముట్టినావు?"

"మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని."

"ఇచ్చినావు."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. ఇదే ఊళ్ళో నెహ్రూ నగర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మాట్లాడేటప్పుడు ముందు హిందీ వస్తుంది, దాని వెనక తెలుగు వస్తుంది. ఇప్పుడు తెలుగే వెతుక్కుని మాట్లాడింది.

"ఆమధ్య ఒకరోజు మధ్యాహ్నం మీరు తలుపు వేసుకుని వింటున్నారు. బయటికి వచ్చాక నేనే అడిగాను, ఏం పాట మావయ్యగారూ అని. మీ అత్త పాట అన్నారు. ఏ సినిమాది అన్నాను. అట్ట మీద ఉంది అన్నారు. ఇంకేం చెప్పలేదు. నాకు తెలుగు చదవడం రాదు. పేరు ఇంగ్లీషులో కూడా ఉంటే చూసుకున్నాను. అత్తయ్యకి ఇష్టమైన పాట అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు."

"మీ అత్త పాటంటే మీ అత్త పాడిన పాట! మీ నెహ్రూ నగర్‌లో తెలుగు ఇదేనా నేర్పింది?"

అన్నాక నరసింగరావు నోరు మూసుకున్నాడు. ఆ మాట బయటికి రావలసింది కాదు. ఇన్నేళ్ళూ రాలేదు.

రవికాంత్ తండ్రి వైపు తిరిగాడు.

"ఎవరు పాడిన పాట?"

నరసింగరావు టీ గ్లాసు అందుకున్నాడు. చల్లారిపోయింది. అయినా తాగాడు.

"నాన్నా, పూఛ్ రహా హూఁ. అందులో ఉన్నది అమ్మ గొంతా?"

"అవును."

భార్య కనకరత్నం పోయేనాటికి రవికాంత్‌కి ఐదేళ్ళు. అప్పటికి వాళ్ళు ప్లాంటు ఇచ్చిన సెక్టారు క్వార్టర్లో ఉండేవారు. ఊళ్ళో ఉన్న అత్తగారికి చదువు రాదు. ఉత్తరం రాస్తే ఊరంతా తిరిగి ఎవరిచేతనో చదివించుకోవాలి. అందుకని కనకరత్నం మాటలు కేసెట్‌లోకి చెప్పి, ఊరు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేది. ఖాళీ కేసెట్ కొనడం ఎందుకని, విని విని విసుగెత్తిన సినిమా పాటల కేసెట్ తీసి దాని మీదే మాట్లాడేది. పాటలు చెరిగిపోయేవి. మాటలు నిండేవి. కొన్న కేసెట్‌లో రికార్డు కావాలంటే పై అంచున ఉన్న చిల్లు మూయాలి. మిగతావాళ్ళు కాగితం ముక్క అంటించేవారు. కనకరత్నం తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి అంటించింది. కుంకుమరంగు బిళ్ళ.

పిల్లాడికి పన్ను ఊడిందని, బట్టలు ఆరేస్తే ప్లాంటు మసి పడుతోందని, ఆయన నైట్ షిఫ్టులో ఉన్నాడని చెప్పింది. ఆఖర్న అత్తగారు అడిగిందని, వరినాట్లప్పుడు పాడే ఊడుపు పాట పాడింది. మధ్యలో మరిచిపోయి నవ్వింది. ఆ నవ్వు కూడా అందులో ఉంది. తల్లి పోయాక నరసింగరావు ఆ కేసెట్ తెచ్చుకున్నాడు.

అట్ట మీద సినిమా పేరు. లోపల పెళ్ళాం.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు రవికాంత్. గొంతు పెద్దది చెయ్యలేదు. అదే భయంగా ఉంది.

"చెప్పడానికేటుంది?"

"నువ్వు తలుపేసుకుని వినేవాడివి. నేను బయట వరండాలో హోంవర్క్ చేసుకునేవాడిని. సినిమా పాటలు వింటున్నావనుకున్నా. అమ్మ ముఖం నాకు ఫోటోలో తెలుసు. గొంతు తెలీదు. స్కూల్ గేటు దగ్గర అందరి అమ్మలూ పేర్లు పెట్టి పిలుస్తుంటే, మా అమ్మ నన్ను ఎలా పిలిచేదో అని నిలబడి వినేవాణ్ణి. ఇంట్లోనే ఉంది! బీరువాలో పెట్టి తలుపేశావు."

"రీలు ఆడినకొద్దీ అరుగుతాది."

"అయితే?"

"నీకు వినిపిస్తే నాకేటి మిగుల్తాది?"

రవికాంత్ తండ్రిని చూశాడు. తువ్వాలు తీసి వరండా దండెం మీద వేశాడు. అది జారి కింద పడింది. తియ్యలేదు.

"దుకాణంలో ఇస్తే ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు," అన్నాడు. "ఎన్నిసార్లు విన్నా అరగదు. ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క పూట పని."

"బయటోళ్ళ చేతికి ఇవ్వను."

"నేను బయటోణ్ణా?"

నరసింగరావు టీ గ్లాసు గోడ మీద పెట్టేశాడు. ఎక్కడో జుయ్ మని సన్నగా చప్పుడు వస్తోంది. రెండు రోజుల నుంచీ అలాగే ఉంది, ఆగి ఆగి.

"ఆ కూలర్ మోటారు పోయినట్టుంది. ఈ ఇంట్లో అదైనా సూసుకోరు," అన్నాడు ఆయన కోడలి వైపు తిరిగి.

"కూలర్ ఆఫ్‌లో ఉంది మావయ్యగారూ."

అంతే అంది. ఎదురు చెప్పడానికి అన్న మాట కాదు. కానీ ఆయనకి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. కొడుకుతో ఓడిపోయినది కోడలి దగ్గర తీర్చుకున్నాడు.

"ఇంకో మాట విను. ఆ కేసెట్టు దొరికేదాకా ఈ ఇంట్లో నువ్వు పొయ్యి ముట్టకు. నీ చేతి కూడు నాకొద్దు."

ఎదురింటి కిటికీ రెక్క కదిలింది. బలరాం పెళ్ళాం వింటోంది. ఆమెకి తెలుగు రాదు. అయినా ఆ గొంతు అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

కృష్ణప్రియ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంది.

"సరే," అంది.

లోపలికి వెళ్ళింది. కాసేపటికి బ్యాగు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

రవికాంత్ లోపలికి పరుగెత్తాడు. హిందీలో గొణుగుడు. ఉండమని అతను, ఉండనని ఆమె. "మీ నాన్నతో నువ్వు తర్వాత మాట్లాడుకో, ముందు ఆటో పిలువు," అన్న మాట ఒక్కటి స్పష్టంగా వినిపించింది. నరసింగరావు కుర్చీ కాస్త జరిపి ఎండలోంచి నీడలోకి వేసుకున్నాడు. పుర్రెలు ఎండలోనే ఉన్నాయి.

పొద్దెక్కాక నూకమ్మ వచ్చింది.

నరసింగరావుకి ఆమె అప్ప, సొంత అక్క. ఊరి నుంచి తమ్ముడి రిటైర్మెంటుకని వారం ముందే వచ్చింది. నిన్న విందు కాకుండానే, నందిని గనుల కాలనీలో ఉన్న మరిది తిరుమలరావు వచ్చి ఒక్క రాత్రి తన ఇంట్లో పడుకోవాలని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ఇప్పుడు అతనే మోటారుసైకిల్ మీద దింపి, డ్యూటీకి టైమైందని గేటు దగ్గర్నించే వెళ్ళిపోయాడు. రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఆమెకి తెలీదు.

గోడ దగ్గర ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ! ఇవేటిరా?"

"నీ మేనల్లుడి కానుక."

"దిష్టికి బాగుంటాయిలే. గుమ్మడికాయ కట్టక్కర్నేదు."

నరసింగరావు నవ్వలేదు. ఆమె అతని ముఖం చూసింది. లోపలికి నడిచింది. నడవలో కృష్ణప్రియ బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికే పిల్లా?"

"ఇంటికి పెద్దత్తా."

"ఇది ఇల్లు కాదేటి?"

కృష్ణప్రియ తల దించుకుంది. రవికాంత్ ఫోన్‌లో ఆటోవాడికి గుర్తులు చెప్తూ మధ్యలో ఆపేశాడు. ముసలామె ఇద్దర్నీ చూసి, మొగుడూ పెళ్ళాల తగువని అనుకుంది. అలాంటి చోట పెద్దవాళ్ళు తప్పుకోవాలని ఆమె లెక్క.

"పోతే పోదూగాని, మేడ మీద వడియాలు తిరగేసినావా? నిన్న పోతా పోతా సెప్పినాను గదా."

"లేదు పెద్దత్తా. పైకి వెళ్ళలేదు."

"మాడిపోతాయే తల్లీ!" అంటూ మోకాళ్ళు పట్టుకుని మెట్లు ఎక్కింది.

కింద ఎవరి చోట వాళ్ళున్నారు. కాసేపటికి మేడ మీద నుంచి గొంతు వినిపించింది. సంతోషంగా ఉంది.

"ఒరే నరసింగా! ఇలారారా, సూసి పో! వొక్క పావురమైనా దిగనేదు! బెల్లానికి ఈగలు మూగినట్టు మూగీవి గదా, ఇప్పుడు ఆ గోడమీదే కూకుని గుటకలేస్తన్నాయి! కేసెట్టు రీలు మోత ఇని బెదిరిపోనాయి!"

నరసింగరావు మొదట లేవలేదు. ఆ మాటని లోపల ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తరవాత లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

మేడ మీద సిమెంటు కాలిపోతోంది. పాత చీర పరిచి, దాని మీద గుమ్మడి వడియాలు వరసలుగా పెట్టి ఉన్నాయి. నాలుగు మూలలా ఇటుకల మధ్య వెదురుకర్రలు నిలబెట్టి ఉన్నాయి. కర్ర నుంచి కర్రకి, అటూ ఇటూ, నేసినట్టుగా గోధుమరంగు రీలు. ఎండలో తళతళ మెరుస్తోంది. వేడిగాలి తగిలినప్పుడల్లా అంతా ఒక్కసారి వణుకుతోంది.

జుయ్.

కూలర్ కాదు.

"ఈ రీలెక్కడిదప్పా?"

"టీవీ బల్ల కాడ పాత కేసెట్లున్నాయి గదా. ఒకటి ఇప్పినాను. మనూర్లో చోడి సేలకి ఇలాగే కడతారు గదరా, మరిసిపోనావా? గాలికి మోగుతాది, పిట్ట వాలదు."

చీర గాలికి లేవకుండా ఆమె నాలుగు మూలలా బరువులు పెట్టింది. రెండు మూలలా రాళ్ళు. ఒక మూల పాత తాళంకప్ప. ఇంకో మూల రాయి, దాని మీద రీలు తీసేసిన ఖాళీ కేసెట్ డిప్ప.

నరసింగరావు వంగి దాన్ని తీశాడు. వేడిగా ఉంది. పై అంచున వేలితో తడిమాడు. బొట్టుబిళ్ళ అక్కడే ఉంది. రంగు వెలిసి, అంచు లేచి, చిల్లు మీద అంటుకునే ఉంది.

"ఎవులు తీసుకోమన్నారు నిన్ను?"

ఆ గొంతుకి నూకమ్మ తిరిగి చూసింది.

"నువ్వే. మొన్న నిన్ను అడిగినాను గదరా! పేపరు సదువుకుంటన్నావు. ఒరే, ఆ కేసెట్లు దేనికైనా పనికొత్తాయేటని అడిగినాను. పాతసామాను ఎవులికి గావాల, తీసుకో అన్నావు. తలైనా తిప్పనేదు నువ్వు."

అన్నాడు. ఆమె చెబుతుంటే గుర్తొచ్చింది. పేపర్లో తను చదువుతున్న వార్త గుర్తొచ్చింది. పక్కన ఎవరో ఏదో అడగడం గుర్తొచ్చింది. ఏం అడిగారో వినకుండానే జవాబు చెప్పడం గుర్తొచ్చింది. ఆ ఇంట్లో అందరికీ ఆయన అలాగే జవాబు చెబుతాడు. మీ అత్త పాట. అట్ట మీద ఉంది. తీసుకో.

"ఇది కనకరత్నం కేసెట్టు."

"కనకరత్నందేటి?"

"అమ్మకి పంపింది."

నూకమ్మకి ఒక్క క్షణం పట్టింది. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రేషను డీలరు ఇంటి అరుగు మీద అమ్మని కూర్చోబెట్టి వినిపించడం, పక్కన నిలబడి తనూ వినడం, ఊడుపు పాట మధ్యలో ఆ పిల్ల నవ్వితే అమ్మ కూడా నవ్వడం, అన్నీ ముఖం మీదికి వచ్చాయి.

"ఓలమ్మ... ఓలమ్మ... నాకేటి తెల్సురా? డీలరు పెట్టిలో వినడమే గాని ఏ కేసెట్టో నానెప్పుడు సూసినాను? అన్నీ ఒకలాగే ఉంటాయి. సదువొచ్చినదాన్నా? నానే... నా సేత్తోనే..."

నరసింగరావు నోరు తెరిచాడు. నిన్న రాత్రి నుంచీ కోడల్ని అన్న మాటలన్నీ అక్కడే ఉన్నాయి. నా సామాను ఎందుకు ముట్టినావు. నీ చేతి కూడు నాకొద్దు. పొయ్యి ముట్టకు. అన్నీ వరసగా, సిద్ధంగా ఉన్నాయి. అప్ప ముందు ఒక్కటీ బయటికి రాలేదు.

"అడగండి మావయ్యగారూ."

మెట్ల చివర కృష్ణప్రియ నిలబడి ఉంది. చేతిలో బ్యాగు. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలీదు. ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

"నన్ను అడిగారు కదా. వీధిలో అందరికీ వినిపించేలా అడిగారు. అలాగే అడగండి. పొయ్యి ముట్టకు అనండి పెద్దత్తని."

"నువ్వు కిందికి పో," అన్నాడు.

"లేకపోతే మీరు మీకే చెప్పుకోండి. తీసుకో అన్నది మీరే కదా."

"కిందికి పో అన్నాను."

"పోతున్నాను. నేను ఈ ఇంటికి పాటలు తెచ్చాను మావయ్యగారూ. మీరు మాట ఒక్కటి సరిగ్గా చెప్పి ఉంటే..." ఆగిపోయింది. మిగిలిన సగం హిందీలో వచ్చింది, అదీ ఆపుకుంది. వెనక్కి తిరిగి మెట్లు దిగింది. దిగుతున్న ఆమెకి రవికాంత్ ఎదురొచ్చాడు. ఆమె కిందికి, అతను పైకి.

రవికాంత్ రీలు చూశాడు. తండ్రి చేతిలో డిప్ప చూశాడు. కొంగు కుక్కుకుని ఏడుస్తున్న మేనత్తని చూశాడు. దగ్గర్లో ఉన్న కర్ర దగ్గరికి వెళ్ళి రీలు కొసకి వేసిన ముడి మీద గోరు పెట్టాడు.

"తెంపనేదు బాబూ," అంది నూకమ్మ ఏడుపులోంచే. "ముక్కలు సెయ్యనేదు. అంతా ఒకటే తాడు. సుట్టుకోవచ్చేమో సూడు నానా."

"ముట్టుకోకు," అన్నాడు నరసింగరావు.

రవికాంత్ ముడి విప్పాడు. కొస వేలికి చుట్టుకున్నాడు, మెత్తగా, దారం చుట్టుకున్నట్టు.

"ముట్టుకోకన్నాను. అది నాది."

"మా అమ్మది."

"ఇరవై ఏళ్ళకి పైగా దాసినాను దాన్ని."

"నా దగ్గర దాచావు."

నరసింగరావు అవతలి కర్ర దగ్గరికి వెళ్ళాడు. కాలి కింద వడియాలు పటపటమని విరిగాయి. రెండో కొస అక్కడ ఉంది. దాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు రీలంతా ఇద్దరి మధ్య ఉంది, నాలుగు కర్రల మీదుగా, పొడుగునా.

"వదులు రవీ."

"నువ్వు వదులు. దుకాణానికి తీసుకెళ్తాను. ఈరోజే."

"బయటోళ్ళకి ఇవ్వను."

"మళ్ళీ అదే మాట!"

కింద ఆటో వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. రవికాంత్ తల అటు తిరిగింది, చెయ్యి మాత్రం కదల్లేదు.

మేడ అంచు నుంచి గేటు కనిపిస్తోంది. కృష్ణప్రియ బ్యాగు ఆటోలో పెట్టింది. ఎక్కబోయి ఆగింది. గోడ దగ్గరికి తిరిగి వచ్చింది. పుర్రె గ్లాసుల్ని ఒక్కొక్కటీ తీసి, ముఖాలు ఇంటివైపు తిప్పి, మళ్ళీ అదే వరసలో పెట్టింది. పని అయ్యాక చేతులు దులుపుకుంది.

"ఉండమని పిలవరా ఆ పిల్లని! ఒకడైనా పిలవండిరా!" అంది నూకమ్మ.

రవికాంత్ పిలవాలంటే కిందికి పరుగెత్తాలి. పరుగెత్తాలంటే కొస వదలాలి. నరసింగరావు పిలవాలంటే గొంతు మార్చాలి. అది ఆయనకి చేతకాలేదు.

ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. వీధి చివర నుంచి గాలి లేచి మేడ మీదికి వచ్చింది. రీలు వణికింది. గోడ మీది పావురాలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

లాగితే తెగుతుంది. చుట్టాలంటే ఎవరో ఒకరు వదలాలి.

ఇద్దరూ పట్టుకునే ఉన్నారు.